పడవ ఇంజన్‌ను ఎత్తడానికి సొంత గ్యాంట్రీ

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేటపై నిషేధం అమలులో ఉంటుంది కనుక, ఇంజన్ దింపి మరమ్మతు చేయించుకోవడానికి అదే అనువైన సమయం. క్రేన్ అద్దె భారమనిపిస్తే, 500 కిలోల లోపు ఇంజన్లకు సరిపడే గ్యాంట్రీని, అంటే రెండు జతల కాళ్లపై అడ్డదూలం నిలిపి బరువులెత్తే చట్రాన్ని, వెల్డింగ్ షాపులోనే చేయించుకోవచ్చు.

ముందుగా ఎత్తు లెక్కించాలి. నేల నుంచి పడవ అంచు వరకు ఉన్న ఎత్తుకు, ఇంజన్ నిలువు కొలతను, చైన్ బ్లాకూ (గొలుసు లాగి బరువెత్తే కప్పీ) పట్టీలూ ఆక్రమించే జాగాను, మరో అడుగును కలపాలి. చాలామంది చైన్ బ్లాక్ జాగాను మరచిపోయి, ఇంజన్ అంచు దాటక ఇబ్బంది పడతారు.

కాళ్ల మధ్య దూరం 3 మీటర్లు మించకపోతే, అడ్డదూలానికి 150 మి.మీ. ఐ సెక్షన్ (I ఆకారపు ఉక్కు దూలం), దాని వెంట చక్రాలపై జరిగే ఒక టన్ను ట్రాలీ, చైన్ బ్లాక్ చాలు. మందపాటి పైపుతో చేసే రెండు కాళ్ల జతల అడుగు వెడల్పు ఎత్తులో సగానికి తగ్గకూడదు. కాళ్లూ దూలమూ కలిసే మూలల్లో ఏటవాలు ఊతకమ్ములు తప్పనిసరి, ఎందుకంటే దూలం కంటే ముందు ఆ అతుకులే ఓడిపోతాయి. ట్రాలీ జారిపోకుండా దూలం రెండు కొసలకూ అడ్డుబోల్టులు బిగించాలి.

వాడే ముందు 13 సిమెంటు బస్తాలను, అంటే 650 కిలోలను, జానెడు ఎత్తున అరగంట వేలాడదీసి అతుకులను పరీక్షించాలి. బరువుతో గ్యాంట్రీని నెట్టకుండా, పడవనే కింద నుంచి తప్పించాలి. వలతాళ్లతో ఇంజన్‌ను కట్టడం మాత్రం ఎంతమాత్రం తగదు.