ఆటవెలది నేర్చుకుందాం – 5: రాలే పూతకు నాలుగు పాదాలు

ఆటవెలది నాలుగు పాదాల తెలుగు పద్యం. గత పాఠంలో యతి దాకా, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరం జత కుదరడం దాకా వచ్చాం. లఘువు (ఒక మాత్ర పలికే అక్షరం), గురువు (రెండు మాత్రలు పలికే అక్షరం) కలిసిన చిన్న గుంపులే గణాలు. సూర్యగణాలు రెండూ, ఇంద్రగణాలు ఆరూ ఈపాటికి మీ నోటికి వచ్చి ఉంటాయి. ఈసారి కొత్త నియమం ఏదీ చెప్పను. తెలిసిన నియమాలతోనే వసంతం మీద ఒక పద్యాన్ని మొదటి నుంచి చివరి దాకా కట్టి చూద్దాం. వస్తువు వేపపూత.

ముందుగా నడక ఒకసారి గుర్తుచేసుకోండి. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాల మీద రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. ప్రతి పాదంలో నాలుగో గణం మొదటి అక్షరానికి యతి. అందరికీ తెలిసిన వేమన మకుటాన్నే విడదీయండి: విశ్వ – దాభి – రామ – వినుర – వేమ. అయిదు సూర్యగణాలు, ‘వి’కి ‘వి’ యతి.

ఇప్పుడు మాత్రలు లెక్కపెట్టండి. సూర్యగణం హగణమైనా (గురువు, లఘువు) నగణమైనా (మూడు లఘువులు) మూడు మాత్రలే, కాబట్టి సరి పాదం ఎప్పుడూ 15 మాత్రలు. బేసి పాదం గణాలను బట్టి 17 నుంచి 19 దాకా పోతుంది. ఒక పాదం సాగుతుంది, పక్క పాదం త్వరగా తెగిపోతుంది. నిలవని వాటి గురించి రాయడానికి ఆటవెలదిని ఎంచుకోవడానికి నాకున్న ముఖ్య కారణం ఈ నడకే.

ఇందులో ఒక చిక్కు ఉంది. చిన్నప్పటి నుంచి వేమన పద్యాలు విన్న చెవి మనది. మూడు పాదాలు పూర్తికాగానే నాలుగోది నీతి చెప్పాలని చెయ్యి లాగుతుంది. పూత రాలడం మీద రాయమంటే చాలామందికి మొదట వచ్చే పాదాలు ఇలా ఉంటాయి:

వేప పూత రాలె వెన్నెల జల్లుగా

నిలుచునేమి జగతి నీటిబుడగ

గణాలు సరిపోయాయి, యతి కుదిరింది. అయినా ఇందులో వేపపూత లేదు. వెన్నెల జల్లు మల్లెలకూ సరిపోతుంది, మంచుకూ సరిపోతుంది. నీటిబుడగ అనగానే పాఠకుడు తల ఊపి ముందుకు వెళ్లిపోతాడు. అతనికి చూడటానికి మనం ఏమీ మిగల్చలేదు.

అందుకే కలం పట్టే ముందు చెట్టు కిందికి వెళ్లండి. చైత్రంలో వేపచెట్టు వాసన రాత్రిపూట ఎక్కువగా తెలుస్తుంది. తెల్లవారేసరికి నేల మీద పూత పరచుకుని ఉంటుంది. ఒక పువ్వును అరచేతిలోకి తీసుకుని చూడండి. బియ్యపుగింజంత తెల్లని రేకులు అయిదు, వాటి మధ్య సన్నని గొట్టంలా కలిసిపోయిన కేసరాలు. ఎండ ముదిరేసరికి ఆ తెలుపు గోధుమరంగులోకి తిరిగిపోతుంది. ఉగాది పచ్చడికీ చారుకూ పూత కావాలనుకునేవాళ్లు చెట్టు కింద గుడ్డ పరిచి ఉంచేది అందుకే. ఇక వాకిట్లో చెట్టున్న ఇళ్లలో ఊడ్చేవాళ్ల అవస్థ వేరు. ఊడ్చిన చోటే మళ్లీ రాలుతుంది. పద్యం నాకు అక్కడ కనిపించింది.

మొదటి పాదంలో చోటూ వేళా చెప్పేద్దాం: వేప – పూలు – రాలె – వేకువ – వాకిట. చివరి రెండూ భగణాలు (గురువు, రెండు లఘువులు), ‘వే’కు ‘వే’ యతి. తరువాతి పాదం ఊడ్చే చేతిది. ‘వాకిటన్’ చివరి నకారం (ద్రుతం) ముందుకు జరగడంతో ‘ఊడ్చు’ ‘నూడ్చు’ అయింది: నూడ్చు – చేయి – నిలిచె – నొక్క – సారి. ఎవరి చెయ్యో చెప్పలేదు, ఎందుకు ఆగిందో చెప్పలేదు. చెబితే పద్యం అక్కడే అయిపోయేది.

మూడో పాదానికి మొదట ‘చిమ్మినంత మేర చిన్ని పూవులు వచ్చి’ అని రావచ్చు. గణాలకు లోటు లేదు. కానీ ‘చిన్ని’ యతి కోసం వచ్చిన మాట, పువ్వు కోసం వచ్చింది కాదు. ‘చి’కి ‘చె’ కూడా చెల్లుతుంది, ఇకార ఎకారాలకు మైత్రి ఉంది కదా. అలా వెతికితే ‘చెట్టునుండి మరిన్ని’ దొరికింది. చెట్టునుం రగణం (గురువు, లఘువు, గురువు), డి మరిన్ని సలం (రెండు లఘువులు, గురువు, లఘువు); రెండూ ఇంద్రగణాలే. ఒక విశేషణం పోయి చెట్టే పద్యంలోకి వచ్చింది.

నాలుగో పాదం చివర ‘మాట లేక’ అంటే యతి కుదురుతుంది, కానీ గంభీరంగా ముగించాలన్న తాపత్రయం కనిపిస్తుంది. ‘మడమ చుట్టు’ అని చూడండి.

వేప పూలు రాలె వేకువ వాకిట
నూడ్చు చేయి నిలిచె నొక్కసారి
చిమ్మినంత మేర చెట్టునుండి మరిన్ని
మరల పరచుకొనియె మడమ చుట్టు

చివరి పాదాన్ని పైకి చదవండి. మరల, పరచు, కొనియె, మడమ: వరుసగా నాలుగు నగణాలు, పన్నెండు లఘువులు. ఆ తరువాత ‘చుట్టు’లో ఒకే ఒక్క గురువు. వేమన మకుటంలో పదకొండు అక్షరాలే, ఇక్కడ పద్నాలుగు, మాత్రలు మాత్రం రెంటికీ పదిహేనే. పూలు తేలిగ్గా దిగుతున్నాయని పద్యం ఎక్కడా అనలేదు. ఆ పని లఘువులు చేశాయి. అరసున్నలు, సరళాదేశాల (‘ప’ ‘బ’గా మారడం వంటివి) జోలికి ఇంకా వెళ్లలేదు కాబట్టి ‘మరల పరచు’ను ప్రస్తుతానికి అలాగే ఉంచుదాం.

మీ అభ్యాసానికి మొదటి పాదం నేనే ఇస్తున్నాను:

మావి పూత మీద మంచు పట్టిన రేయి

మామిడి తోటలున్న ఊళ్లవాళ్లకు ఈ రాత్రి ఎలాంటిదో తెలుసు. పూత మీద పొగమంచు పట్టిందంటే రైతుకు నిద్ర ఉండదు. మంచు లేకపోయినా గుత్తిలో కాయగా నిలిచే పూలు కొన్నే, మిగతావన్నీ రాలిపోయేవే. మిగిలిన మూడు పాదాలూ మీరు రాయండి. జీవితం, క్షణికం, అందం అనే మాటలు వాడకూడదు, పోలికలు వద్దు. తోటలో ఆ రాత్రి ఎవరు ఏం చేశారో చెబితే చాలు. పూర్తయ్యాక ప్రతి పాదాన్నీ గణాలుగా విడదీసి, యతి అక్షరాల కింద గీత గీయండి. వాటిలో యతి కోసమే వచ్చిన మాట ఏదైనా ఉంటే, దాని స్థానంలో కనీసం మూడు మాటలు పెట్టి చూడండి.

వచ్చే పాఠంలో ప్రాసయతి, అంటే మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలను జత కుదర్చడం. యతి ఎంతకీ కుదరని చోట అది ఎలా ఆదుకుంటుందో మీరు రాసిన పాదాల మీదే చూద్దాం, కాబట్టి ఈ కాగితం దాచి ఉంచండి.