బతుకమ్మ పాటలకు సౌండ్ పెంచే ముందు సబ్‌వూఫర్ జాగ్రత్తలు

ఎంగిలిపూల బతుకమ్మ దగ్గరికొచ్చింది, హన్మకొండలో ఇక ఇంటింటా హోమ్ థియేటర్లు మోగుతాయి.

– సబ్‌వూఫర్ (బాస్ మోగించే స్పీకర్, పొట్టిగా సబ్) టప్ టప్ మని కొట్టుకుంటే వెంటనే వాల్యూమ్ తగ్గించండి. ఈ ఒక్క పాట అయిపోనీ అని వదిలేస్తే దాని లోపలి తీగచుట్ట, అంటే వాయిస్ కాయిల్, కాలిపోవచ్చు, ఆ తర్వాత ఏ సెట్టింగ్ మార్చినా లాభం లేదు.

– స్విచ్ ఆపి, కోన్‌కు (స్పీకర్ ముందు కదిలే గిన్నెలాంటి భాగం) రెండు పక్కలా వేళ్లు ఆనించి మెల్లగా లోపలికి నొక్కండి, గరగరమని రాసుకుంటే రిపేరుకే. అంచు రబ్బరు చీలిందేమో కూడా చూడండి.

– బాస్ బూస్ట్ తీసేయండి, గెయిన్ (సబ్ మీదుండే వాల్యూమ్ నాబ్) సగం దగ్గర ఉంచండి. క్రాసోవర్, అంటే ఏ ఫ్రీక్వెన్సీకి కింది శబ్దం సబ్‌కు వెళ్లాలో చెప్పే సెట్టింగ్, 80 హెర్ట్జ్‌తో మొదలుపెట్టండి.

– షోకేసులో స్టీలు గిన్నెలు, కిటికీ అద్దాలు కూడా అదురుతాయి. చేత్తో పట్టుకుంటే చప్పుడు ఆగిందా, సబ్ తప్పు కాదు.

– పాట లేకున్నా గుయ్‌మంటుంటే ఎర్త్ సమస్య కావచ్చు, సబ్‌నూ రిసీవర్‌నూ (స్పీకర్లకు సౌండ్ పంపే పెట్టె) ఒకే బోర్డుకు పెట్టి చూడండి.