1/35 గ్రాడ్ రాకెట్ లాంచర్ మోడల్: ఎక్కడ తేడా వస్తుంది, ఎలా సరిచేయాలి

బీఎం-21 గ్రాడ్ కిట్ కట్టేటప్పుడు వచ్చే ఇబ్బందులు చాలావరకు ఒకే అలవాటు నుంచి పుడతాయి. లారీనీ, దాని మీది గొట్టాల పెట్టెనూ ఒకే వస్తువు అనుకుని, ఇన్‌స్ట్రక్షన్ షీట్‌లో ఉన్న వరుసలోనే అన్నీ అతికించుకుంటూ పోతాం. తీరా రంగు వేసే సమయానికి బ్రష్ దూరని సందులు, స్ప్రే అందని మూలలు మిగిలిపోతాయి. అందుకే ఈ మోడల్‌ని మూడు ముక్కలుగా చూడండి: ఛాసిస్ (లారీ అడుగు చట్రం), క్యాబిన్, గొట్టాల పెట్టె. మూడింటినీ విడివిడిగా కట్టి, విడివిడిగా రంగు వేసి, చివర్లో కలపండి. కింద చెప్పే పరిష్కారాల్లో చాలా వాటికి ఈ పద్ధతే ఆధారం.

కొలతలు ముందే తెలిసి ఉంటే పని తేలిక. 1963లో సోవియట్ సైన్యంలోకి వచ్చిన ఈ లాంచర్ ఉరల్-375డి లారీ మీద ఉంటుంది. 122 మి.మీ. రాకెట్లకు 40 గొట్టాలు, నాలుగు వరుసలు, వరుసకు పది. గొట్టం పొడవు 3 మీటర్లు. 1/35 స్కేల్‌లో, అంటే అసలు సైజులో 35వ వంతులో, గొట్టం లోపలి వెడల్పు దాదాపు 3.5 మి.మీ., పొడవు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, మొత్తం వాహనం సుమారు 21 సెంటీమీటర్లు వస్తాయి. మన సైన్యం దగ్గరా గ్రాడ్‌లు ఉన్నాయి, 1999 కార్గిల్ యుద్ధంలో వాటిని వాడారు. మన మోడలర్లు దీన్ని ఇష్టంగా ఎంచుకోవడానికి అదొక కారణం.

గొట్టాల వరుసలు వంకరగా ఉన్నాయి, పెట్టె ఫ్రేమ్‌లో పట్టడం లేదు

ఈ మోడల్‌లో అందరూ ముందు చూసేది గొట్టాల మూతులనే. నలభై గుండ్రాల్లో ఒక్కటి పక్కకు జరిగినా కన్ను అక్కడికే పోతుంది.

దీనికి రెండు కారణాలుంటాయి. మొదటిది, అచ్చు గీత. గొట్టం పొడవునా సన్నగా కనిపించే ఆ గీతను సరిగ్గా గీకకుండా వదిలేస్తే ఒక్కో గొట్టం మందం 0.1 మి.మీ. పెరిగినా, గొట్టాలు పక్కపక్కన అంటుకునే కిట్‌లో పది గొట్టాలకు ఒక మిల్లీమీటర్ అవుతుంది. పెట్టె ఫ్రేమ్‌లో దిగకపోవడానికి ఇది చాలు. రెండోది, చిక్కటి జిగురు. అది ఆరే లోపు గొట్టాలు జారుతూ ఉంటాయి, ప్లాస్టిక్ కూడా మెత్తబడుతుంది.

ఇంకా రంగు వేయకపోతే బాగుచేయడం కష్టం కాదు. అతుకుల్లోకి పల్చటి ప్లాస్టిక్ సిమెంట్ (ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే జిగురు) చుక్కలుగా వదిలి, మెత్తబడ్డాక సన్నటి బ్లేడుతో వరుసలను విడదీయండి. బలవంతంగా లాగొద్దు, గొట్టం పగులుతుంది. ఒక రాత్రి ఆరనిచ్చాక ప్రతి గొట్టాన్నీ సన్నటి ఉప్పుకాగితంతో తుడిచి మళ్లీ మొదలుపెట్టండి.

ఈసారి ఒక అద్దం పలక మీద రెండు స్టీలు స్కేళ్లను మూలమట్టంతో సరిచూసి ఎల్ ఆకారంలో టేపుతో బిగించండి. గొట్టాల మూతులు ఒక స్కేలుకీ, మొదటి గొట్టం పక్క రెండో స్కేలుకీ ఆనాలి. పది గొట్టాలనూ జిగురు లేకుండా పేర్చి, సరిగ్గా కూర్చున్నాయని తేలాకే అతుకుల్లో పల్చటి సిమెంట్ తాకించండి. అది తనంతట తానే సందులోకి పాకుతుంది. ఒక వరుస పూర్తిగా ఆరే వరకూ తర్వాతి వరుస జోలికి పోవద్దు. నాలుగు వరుసలకు నాలుగు సాయంత్రాలు పడతాయి. ఈ కిట్‌లో ఓపిక ఎక్కడ ఖర్చుపెట్టాలని అడిగితే, ఇక్కడే అంటాను.

వరుసలను ఒకదానిపై ఒకటి పేర్చే ముందే నల్ల ప్రైమర్ (అసలు రంగుకు ముందు వేసే పూత) కొట్టండి. అతుకు పడే చోట్ల మాత్రం సన్నటి టేపు అంటించి ఉంచాలి, ఎందుకంటే ప్లాస్టిక్ సిమెంట్ రంగు మీద పట్టదు. పేర్చాక ఆకుపచ్చ రంగు లోపలి సందుల్లోకి పోకపోయినా అక్కడ నలుపే నీడలా కనిపిస్తుంది.

అసలు గొట్టంలో మెలికలు తిరిగే ఒక గాడి ఉంటుంది. రాకెట్‌కున్న చిన్న పిన్ను ఆ గాడిలో జారుతూ రాకెట్‌ని కొంచెం తిప్పుతుంది, దాంతో అది దారి తప్పకుండా పోతుంది. బయటి నుంచి చూస్తే ఆ గాడి ఉబ్బెత్తు గీతలా గొట్టాన్ని చుట్టి ఉంటుంది. కిట్‌లో గొట్టాలు నున్నగా వచ్చి ఉంటే స్ప్రూని (ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రాన్ని) వేడిచేసి సాగదీసిన సన్నటి తీగతో దాన్ని చేసుకోవచ్చు. బయటికి కనిపించే గొట్టాలకు చేస్తే సరిపోతుంది.

పైకెత్తిన పెట్టె కొన్నాళ్లకు కిందికి వాలిపోతోంది

పెట్టెను ఎత్తి దించేలా కదిలే భాగాలుగా కిట్‌లో ఇచ్చినా, ఆ బరువును మోసేది రెండు చిన్న ప్లాస్టిక్ కడ్డీలే. రెండు మూడు సార్లు కదిపితే అవి అరిగి పట్టు వదులుతాయి. ఈ కదలికను నమ్ముకోవద్దు. ఎత్తి ఉంచాలా, పడుకోబెట్టాలా అని ముందే తేల్చుకోండి. ఎత్తాలనుకుంటే ఇరుసులో 0.8 మి.మీ. రంధ్రం చేసి ఇత్తడి తీగ దూర్చి, సూపర్ గ్లూతో బిగించండి. అసలు లాంచర్ 55 డిగ్రీల వరకూ లేస్తుంది. మోడల్‌కి 30 నుంచి 40 మధ్య చూడటానికి బాగుంటుంది, బరువు కూడా వెనక్కి లాగదు.

ఆరు చక్రాల్లో ఒకటి గాల్లో ఉంది

ఛాసిస్ పొడవాటి కమ్మీలు మెలిపడితే ఇలా జరుగుతుంది. కొన్నిసార్లు కిట్ డబ్బాలోనే వంగి వస్తాయి, కొన్నిసార్లు మనం అతికించేటప్పుడు వంగుతాయి. కమ్మీలు ఇంకా విడిగా ఉంటే వేడి నీళ్లలో కాసేపు ఉంచి, అద్దం మీద నొక్కిపట్టి చల్లారనివ్వండి. మరుగుతున్న నీళ్లు వద్దు, ప్లాస్టిక్ ముడుచుకుంటుంది. ఇరుసులు అతికించేశాక తేడా తెలిస్తే, ఆ చక్రం ఇరుసును మాత్రమే కోసి, ఆరు చక్రాలూ అద్దం మీద ఆనేలా పెట్టి మళ్లీ అతికించండి. డియోరమాలో (నేల, బొమ్మలతో కట్టిన దృశ్యంలో) పెట్టేవాళ్లు ఆ చక్రం కింద నేలను కొంచెం ఎత్తు చేసినా చాలు.

క్యాబిన్ అద్దాలు మంచు పట్టినట్టు తెల్లబడ్డాయి

కారణం సూపర్ గ్లూ ఆవిరి. క్యాబిన్ మూసేశాక ఆవిరి బయటికి పోలేక అద్దానికి అంటుకుంటుంది. అద్దాన్ని బయటికి తీయగలిగితే బాగా సన్నటి పాలిషింగ్ పేపర్‌తో రుద్ది, పారదర్శకమైన గ్లాస్ (మెరుపునిచ్చే) వార్నిష్‌లో ముంచి ఆరబెట్టండి, చాలావరకు తేటపడుతుంది. ఇకపై అద్దాలకు ఆరితే కనిపించకుండా పోయే తెల్ల జిగురే వాడండి.

రంగు గరుకుగా, లేదా తెల్లగా, లేదా పొరలుగా వచ్చింది

మూడింటికీ మూడు కారణాలు. మన వాతావరణంలో ఇవి ఎక్కువ.

మే నెల మధ్యాహ్నం ఎయిర్‌బ్రష్ పట్టుకుంటే, రంగు మోడల్‌ని చేరేలోపే గాల్లో ఆరిపోయి పొడిలా పడుతుంది. విజయవాడలోనో రామగుండంలోనో ఎండాకాలంలో ఈ పని చేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. తెల్లవారుజామున కొట్టండి, రంగును ఇంకాస్త పల్చన చేయండి, రంగు ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డర్ రెండు చుక్కలు కలపండి. ఇప్పటికే గరుకుగా ఉంటే సన్నటి తడి ఉప్పుకాగితంతో మెల్లగా రుద్ది, పైన ఇంకో పల్చటి పొర వేయండి.

వానాకాలంలో కథ వేరు. మ్యాట్ (మెరుపులేని) వార్నిష్ కొట్టగానే మోడల్ మీద తెల్లటి పొగలా పేరుకుంటే అది గాల్లో తేమ వల్ల వచ్చింది. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో ఇది మామూలే. టెన్షన్ పడి గీకొద్దు. పొడిగా ఉన్న రోజు చూసి పల్చగా గ్లాస్ వార్నిష్ ఒక పొర వేస్తే చాలాసార్లు ఆ తెలుపు పోతుంది. తర్వాత మ్యాట్ మళ్లీ వేసుకోవచ్చు.

టేపు తీయగానే రంగు పొరగా లేచి వస్తే, ప్లాస్టిక్ మీద జిడ్డు ఉందన్నమాట. ముక్కలను అచ్చు నుంచి తీయడానికి వాడిన నూనె కొంత, మన చేతి జిడ్డు కొంత. స్ప్రూలను గిన్నెలు తోమే సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాకే పని మొదలుపెట్టాలి.

నంబర్ల డీకల్ చుట్టూ వెండిలా మెరుస్తోంది

మ్యాట్ రంగు గరుకు మీద డీకల్ (నీళ్లలో నానబెట్టి అంటించే పల్చటి గుర్తు) వేస్తే కింద గాలి చిక్కుకుంటుంది. డీకల్‌ను సూదితో అక్కడక్కడా గుచ్చి, మెత్తబరిచే ద్రావణం పూసి, తడి గుడ్డతో అద్దండి. ఇకపై ముందు గ్లాస్, దాని మీద డీకల్, చివర్లో మ్యాట్. ఈ వరుస మార్చొద్దు.

అంతా బాగానే ఉంది, కానీ నిజం లాంచర్‌లా అనిపించడం లేదు

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పని శుభ్రంగా ఉంటుంది, తేడా ఎక్కడుందో అంతుచిక్కదు. నేను చూసినంతలో ఆ తేడా ఎప్పుడూ మసిలోనో, నిలబెట్టిన తీరులోనో ఉంటుంది.

ఫిరంగిలా భావించి మూతుల దగ్గర చిన్న నల్ల చుక్కలు పెట్టి వదిలేస్తే సరిపోదు. రాకెట్ గొట్టం దాటాక కూడా దాని మోటార్ మండుతూనే ఉంటుంది. ఆ మంట నేరుగా పెట్టె ముందు భాగానికి కొడుతుంది. అలా నలభై రాకెట్లు 20 సెకన్లలో పోతాయి. అందుకే ముందు ముఖమంతా రంగు కమిలి, పొరలు లేచి, అక్కడక్కడా లోహం కనిపించాలి. వెనక వైపు మసి పొగలా పరుచుకుని ఉండాలి. దీనికి నల్లరంగు బ్రష్‌తో పూయొద్దు. ముదురు గోధుమ, నలుపు పొడి రంగులను కలిపి మెత్తటి బ్రష్‌తో అద్దండి. స్పాంజి ముక్కతో కొద్దిగా వెండి రంగు తాకించండి.

ఇక నిలబెట్టిన తీరు. ప్రయాణంలో పెట్టె క్యాబిన్ మీదుగా ముందుకు చూస్తూ దాదాపు సమంగా పడుకుని ఉంటుంది. కాల్చేటప్పుడు దాన్ని ఎత్తి పక్కకు తిప్పుతారు. ఎత్తిన పెట్టె మీద టార్పాలిన్ కప్పడం, కాలుస్తున్నట్టు చూపిస్తూ గొట్టాల పక్కనే సైనికుణ్ణి నిలబెట్టడం లాంటివి దృశ్యాన్ని చెడగొడతాయి. సిబ్బంది క్యాబిన్ నుంచి గానీ, 60 మీటర్లకు పైగా పొడవున్న తీగతో దూరం నుంచి గానీ కాలుస్తారు. మనుషుల బొమ్మలు పెట్టాలనే ఉంటే రాకెట్లు నింపే దృశ్యం ఎంచుకోండి. ఒక్కో రాకెట్ 66 కిలోల దాకా ఉంటుంది, దాన్ని చేతులతో ఎత్తి గొట్టం వెనక నుంచి లోపలికి తోస్తారు. ఆ శ్రమ బొమ్మల్లో కనిపిస్తే మోడల్‌కి ప్రాణం వస్తుంది.

కార్గిల్ దృశ్యం చేసేవాళ్లు చక్రాలకు మన ఎర్రమట్టి రంగు పూయకూడదు. ద్రాస్ వైపు నేల బూడిద, లేత గోధుమ రంగు రాళ్లతో ఉంటుంది. దుమ్ము కూడా ఆ రంగులోనే ఉండాలి.

షెల్ఫ్‌లో పెట్టాక పాడవుతోంది

రబ్బరులా మెత్తగా ఉండే టైర్లు కొన్నేళ్లకు ప్లాస్టిక్ చక్రాన్ని కరిగిస్తాయి. టైర్‌ను మెత్తగా ఉంచే రసాయనం ప్లాస్టిక్‌లోకి దిగడం వల్ల ఇలా అవుతుంది. కరిగిన చక్రాన్ని బాగుచేయలేం, రెసిన్ చక్రాలు కొనుక్కోవడమే మార్గం. కొత్త మోడల్‌కైతే టైర్ తొడిగే ముందు చక్రం అంచుకు ఎనామిల్ రంగు రెండు పొరలు వేయండి. టైర్ నేరుగా ప్లాస్టిక్ బేస్ మీద ఆనకుండా చూడండి.

డియోరమా బేస్ వంగితే, చెక్కకు ఒక వైపే తడి తగిలిందని అర్థం. మట్టి పని మొదలుపెట్టక ముందే చెక్కకు రెండు వైపులా, అంచులకూ వార్నిష్ వేసి ఉండాల్సింది. వంగినదాన్ని పూర్తిగా ఆరాక మందపాటి పలకకు స్క్రూలతో బిగించి సరిచేయొచ్చు.

ఎండ నేరుగా పడే కిటికీ దగ్గర పెట్టొద్దు, డీకల్స్ పసుపెక్కుతాయి, సన్నటి భాగాలు వంగుతాయి. దుమ్ము ఎక్కువగా చేరేది గొట్టాల్లోనే, అక్కడి నుంచి తీయడం చాలా కష్టం. కాబట్టి అక్రిలిక్ డబ్బా తప్పనిసరి. వాహనం 21 సెంటీమీటర్లు కాబట్టి లోపలి పొడవు 30 ఉండేలా చేయించండి. వెడల్పు, ఎత్తు మాత్రం పెట్టెను మీరు నిలబెట్టే కోణంలో బిగించాకే కొలిచి చెప్పండి. పక్కకు తిప్పి ఎత్తితే గొట్టాల మూతులు లారీ అంచు దాటి బయటికి వస్తాయి.