ముందు రిజిస్టరు, తర్వాతే ఫంక్షన్ హాలు: పాత పల్టన్ వాళ్లను ఒకచోట కలపడం ఎలా

మాజీ సైనికుల సమ్మేళనం పెట్టుకుందామని ఎవరైనా అనగానే మొదట హాలు అద్దె గురించి మాట్లాడతారు, ఆ తర్వాత శాలువాల గురించి. ముందు ఒక రిజిస్టరు కొనండి. గట్టి అట్ట ఉన్నది, పదేళ్లు నిలిచేది కావాలి. నేను మద్రాస్ రెజిమెంట్‌లో క్లర్కుగా చేరి సుబేదార్‌గా రిటైరయ్యాను. మాది దేవరకొండ దగ్గరి పల్లె. సర్వీసంతా పేర్లూ నంబర్లూ రాసినవాణ్ణి కాబట్టి గట్టిగా చెబుతున్నాను: పేర్లు సరిగ్గా లేని సమ్మేళనానికి ఎప్పుడూ వచ్చేవాళ్లే వస్తారు. రావలసినవాళ్లు ఇంట్లోనే ఉండిపోతారు.

రిజిస్టరులో ఒక్కొక్కరికి ఒక పేజీ ఇవ్వండి. ఆర్మీ నంబరు, రిటైరైనప్పటి ర్యాంకు, పేరు, తండ్రి పేరు, బెటాలియన్, కంపెనీ, భర్తీ అయిన సంవత్సరం, ఇంటికొచ్చిన సంవత్సరం, ఊరు, మండలం రాయండి. నంబరు తప్పనిసరి. మన దగ్గర ఒక్క మండలంలోనే నలుగురు యాదయ్యలు, ముగ్గురు వెంకటయ్యలు ఉంటారు. వాళ్లను విడదీసి చూపేది ఆ నంబరే. డెబ్బై దాటిన మనిషికి నిన్న తిన్నది గుర్తుండకపోవచ్చు గానీ ఆర్మీ నంబరు అడిగితే తడుముకోకుండా చెబుతాడు. భార్య పేరు, ఇంట్లో ఫోను ఎత్తే కొడుకు లేదా కోడలి నంబరు కూడా రాసుకోండి. పెద్దాయన ఫోను చాలాసార్లు చార్జింగ్ లేక గూట్లో పడి ఉంటుంది. చనిపోయినవారి పేజీ కూడా ఉండాలి. దాన్ని కొట్టివేయకండి, ఆ సంవత్సరం రాసి కింద భార్య వివరాలు చేర్చండి.

పేర్లు ఎక్కడ దొరుకుతాయి? సైనిక సంక్షేమ కార్యాలయంలో జాబితా ఉంటుంది గానీ అడిగినవారికల్లా ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. మీరు ఒక కాగితం రాసి నోటీసు బోర్డు మీద పెట్టమని కోరండి. క్యాంటీన్ సరుకుల కోసం, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) మందుల కోసం వరుసలో నిలబడినవాళ్లను పలకరించండి. బ్యాంకుల ముందు, ఏటీఎంల దగ్గర కాపలా ఉద్యోగం చేసేవారిలో మనవాళ్లు ఎంతమందో. నిలబడే తీరు చూస్తే తెలిసిపోతుంది. ఇవన్నీ అయ్యాక పల్లెలకు వెళ్లండి. ఊళ్లోకి వెళ్లి "మిలిటరీ ఆయన ఇల్లు ఎక్కడ?" అంటే చిన్నపిల్లలైనా చూపిస్తారు. ఫోన్లలో గుంపు పెట్టి సందేశం పంపితే సరిపోతుందనుకోకండి. నాయక్ ర్యాంకులో రిటైరై, పక్షవాతంతో మంచాన ఉన్న మనిషి ఆ గుంపులో ఉండడు. భర్త పోయి పదేళ్లయిన ఆమె కూడా ఉండదు. వాళ్ల ఇళ్లకు మనిషి వెళ్లాలి, నీళ్లు తాగి కాసేపు కూర్చోవాలి.

తేదీ దగ్గర చాలా చర్చ జరుగుతుంది. జనవరి 14 మాజీ సైనికుల దినం. మన సైన్యానికి తొలి భారతీయ అధిపతి ఫీల్డ్ మార్షల్ కరియప్ప 1953లో పదవీ విరమణ చేసిన రోజది. కానీ మనకు ఆ రోజు భోగి, సంక్రాంతి హడావుడి. ఇంట్లో ఆడవాళ్లను వదిలి రమ్మనడం న్యాయం కాదు. సెప్టెంబర్ 23 అసాయే యుద్ధం జరిగిన రోజు, మా రెజిమెంట్‌కు పెద్ద రోజు. కానీ అప్పుడు వానలుంటాయి, బతుకమ్మ పనులు దగ్గర పడతాయి. నా ఓటు జనవరిలో పండుగ తర్వాత వచ్చే ఆదివారానికి. సాగర్ ఎడమ కాలువ కింద నాట్ల పని ఉంటే ఒక వారం అటూ ఇటూ జరపండి. నార్కట్‌పల్లి దగ్గర చెర్వుగట్టు జాతర తేదీలు ముందే చూసుకోండి. ఆ రోజుల్లో బస్సుల్లో నిలబడే చోటు కూడా ఉండదు.

స్థలం విషయంలో ఒక చిక్కుంది. మనవాళ్లు నల్లగొండ వైపూ ఉన్నారు, మహబూబ్‌నగర్ వైపూ ఉన్నారు. నల్లగొండ, మిర్యాలగూడ గుంటూరు రైలు మార్గం మీద ఉన్నాయి. మహబూబ్‌నగర్, గద్వాల కర్నూలు మార్గం మీద ఉన్నాయి. రెండు వైపుల వాళ్లూ కలవాలంటే రోడ్డే దిక్కు. జడ్చర్ల, కల్వకుర్తి, మల్లేపల్లి, హాలియా మీదుగా మిర్యాలగూడ వెళ్లే 167వ నంబరు జాతీయ రహదారి ఇందుకు పనికొస్తుంది. కల్వకుర్తిలోగాని దేవరకొండలోగాని పెట్టుకుంటే ఎవరికీ మరీ దూరం కాదు. ఒక్క నల్లగొండ వైపు వాళ్లే అయితే సూర్యాపేట మంచిది. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో ప్రాణాలిచ్చిన కల్నల్ సంతోష్ బాబు ఆ ఊరివాడే. ఆయనది 16వ బిహార్ బెటాలియన్, మాది వేరే రెజిమెంట్. అయినా ఆయన విగ్రహానికి పూలమాల వేసి మొదలుపెట్టిన రోజుకు ఒక బరువు వస్తుంది. హాలు ఎక్కడైనా సరే, మెట్లు లేనిది చూడండి. మరుగుదొడ్డి దగ్గరగా ఉండాలి. మోకాళ్లు అరిగినవాళ్లు వస్తారు.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం, చరిత్ర చెప్పడం. ప్రతి సమ్మేళనంలో ఇరవై నిమిషాలు దీనికి ఇవ్వండి. మనవళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టండి. "ఇది ఇంగ్లీషువాళ్లు పెట్టిన పల్టన్ కదా, మనకు గర్వం ఎందుకు?" అని ఎవరో ఒక పిల్ల తప్పకుండా అడుగుతుంది. కసరకండి. అది సరైన ప్రశ్న, దానికి సరైన జవాబుంది.

మొదలు దాచకుండా చెప్పండి. 1758లో మద్రాసులో స్ట్రింగర్ లారెన్స్ అనే ఆంగ్ల అధికారి ఈస్టిండియా కంపెనీ కొలువులోని దేశీ సిపాయిలను బెటాలియన్లుగా కట్టాడు. మా రెజిమెంట్ పుట్టుక అది. జీతం కంపెనీది, యుద్ధాలు కంపెనీవి. 1803లో ఇప్పటి మహారాష్ట్రలోని అసాయే దగ్గర ఆర్థర్ వెల్లెస్లీ కింద మద్రాసు సిపాయిలు మరాఠా సైన్యాలతో పోరాడి గెలిచారు. మా బ్యాడ్జీ మీది ఏనుగు ఆ యుద్ధానికి గుర్తు. ఆ వెల్లెస్లీయే తర్వాత వెల్లింగ్టన్ డ్యూక్ అయ్యాడు. నీలగిరుల్లో మా రెజిమెంటల్ సెంటర్ ఉన్న వెల్లింగ్టన్‌కు ఆయన పేరే పెట్టారు.

ఇక్కడ ఆపితే సగం చెప్పినట్టే. 1806 జూలై 10న వెల్లూరు కోటలో తెల్ల అధికారుల మీద తిరగబడింది కూడా మద్రాసు సిపాయిలే. కొత్త రకం తలపాగా పెట్టుకోవాలని, నుదుటి బొట్టు తీసేయాలని, గడ్డాలు గీయించుకోవాలని ఇచ్చిన ఆదేశాలు వాళ్లను రగిలించాయి. ఆ తిరుగుబాటును అదే రోజు రక్తంలో ముంచారు. 1857కు యాభై ఏళ్ల ముందటి సంగతిది. పిల్లలు ఇది వినగానే నిటారుగా కూర్చుంటారు, నేను చూశాను.

తర్వాతి కథ ఇంకా ముఖ్యం. 1857 తర్వాత కొన్ని జాతులే యుద్ధానికి పుట్టాయని, దక్షిణాదివాళ్లు పనికిరారని తెల్లవాళ్లు ఒక సిద్ధాంతం కట్టారు. సేనాధిపతి లార్డ్ రాబర్ట్స్ దాన్ని గట్టిగా నమ్మాడు. మద్రాసు పల్టన్లను ఒక్కొక్కటిగా తగ్గించుకుంటూ పోయి 1920ల నాటికి దాదాపు లేకుండా చేశారు. రెండో ప్రపంచ యుద్ధం మీద పడ్డాక మళ్లీ భర్తీ మొదలుపెట్టారు. పనికిరారన్న ఆ తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ యువకులే రెజిమెంట్‌ను తిరిగి నిలబెట్టారు. స్వాతంత్ర్యం తర్వాత తిరువాన్కూరు సైన్యం మాలో కలిసింది. 1741లో కొళచ్చల్ దగ్గర డచ్చివాళ్లను ఓడించిన ఆ సైన్యపు వారసత్వం ఇప్పుడు మా 9వ బెటాలియన్‌ది. మన గర్వం తెల్లదొర ఇచ్చిన బిరుదులో లేదు. పనికిరారన్న మాటను మన తాతలు తప్పని చూపించారు, గర్వం అక్కడుంది. "స్వధర్మే నిధనం శ్రేయః" అన్న గీతావాక్యం మా నినాదం. దాన్ని పిల్లలచేత చదివించండి. "వీర మద్రాసీ, అడి కొల్లు, అడి కొల్లు" అన్న యుద్ధఘోషను మాత్రం పెద్దలకు వదిలేయండి. ఎనభై ఏళ్ల గొంతు కూడా దానికి లేస్తుంది.

హైదరాబాద్ పేరుతో రెజిమెంట్ ఉండేదా అని కూడా అడుగుతారు. ఉండేది. 1813లో రెసిడెంటు, అంటే నిజాం దర్బారులో ఇంగ్లీషువాళ్ల ప్రతినిధి, హెన్రీ రస్సెల్ నిజాం రాజ్యంలో కట్టిన బ్రిగేడ్ నుంచి వచ్చిన దళం 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంట్ అయింది, 1945లో కుమావూన్ రెజిమెంట్‌గా పేరు మారింది. తొలి పరమవీర చక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ 1947 నవంబర్ 3న బడ్గాంలో వీరమరణం పొందింది ఆ రెజిమెంట్ 4వ బెటాలియన్‌లోనే. ఈ మాట చెప్పేటప్పుడు ఒక్క సంవత్సరం కూడా అటూ ఇటూ చేయకండి. తెలియనిది కల్పించి చెబితే తెలిసినదాని విలువ కూడా పోతుంది.

చరిత్ర అయ్యాక రోల్ కాల్. ఇది యాంకర్లకు, మైకు బాగా పట్టుకునే కుర్రాళ్లకు ఇవ్వకండి. మీలో పాత హవల్దార్ మేజర్ ఎవరైనా ఉంటే ఆయనకివ్వండి. నంబరు, ర్యాంకు, పేరు పిలవాలి. పిలిచినవారు లేచి "హాజిర్ సాబ్" అనాలి. లేవలేనివారు కూర్చునే అనవచ్చు. ఎక్కువ ర్యాంకు ముందు, తక్కువ ర్యాంకు వెనక అని పిలవకండి, భర్తీ అయిన సంవత్సరం ప్రకారం పిలవండి. అందరికన్నా ముందు చేరిన సిపాయి పేరు మొదట వినిపించాలి. జవాన్‌గా చేరి జవాన్‌గానే ఇంటికొచ్చినవాడికి ఆ ఒక్క రోజైనా తన పేరు ముందుండటం ఎంత పెద్ద విషయమో నేను కళ్లారా చూశాను. చనిపోయినవారి పేరు పిలిచినప్పుడు భార్యగాని పిల్లలుగాని లేచి నిలబడతారు. వాళ్లచేత ఏమీ చెప్పించకండి.

దుస్తుల గురించి రెండు మాటలు. యూనిఫాం వద్దు, తెల్లచొక్కా లేదా కోటు చాలు. ఎవరి పతకాలు వారు ఎడమ రొమ్ము మీద పెట్టుకోవాలి. అమరుడి పతకాలను కుటుంబసభ్యులు పెట్టుకుంటే కుడివైపు పెట్టుకోవాలి. ఇది ముందురోజే ఫోనులో చెప్పండి, హాలులో అందరి ముందు సరిచేయకండి.

హాలులో ఒక మూల బల్ల వేసి పెన్షన్ పనులు తెలిసిన ఇద్దరిని కూర్చోబెట్టండి. శాలువా కన్నా ఈ బల్ల మేలు. డిశ్చార్జ్ బుక్, పీపీవో (పెన్షన్ మంజూరు ఉత్తర్వు), ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ తెచ్చుకోమని పిలుపులోనే చెప్పండి. అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ఇబ్బంది పేర్ల తేడా. డిశ్చార్జ్ బుక్‌లో భార్య పేరు లక్ష్మమ్మ అని రాస్తారు. ఆధార్‌లో లచ్చమ్మ అని ఉంటుంది, ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక ఉంటుంది. భర్త బతికి ఉండగానే దీన్ని సరిచేయించుకోవాలి. వెల్లింగ్టన్‌లోని మా రికార్డ్స్ కార్యాలయానికి కాగితాలు పంపి కొత్త ఉత్తర్వు తెప్పించుకుంటే ఫ్యామిలీ పెన్షన్ అప్పుడు ఆమె తిరగాల్సిన పని తప్పుతుంది. రక్షణ శాఖ పెన్షన్ వెబ్‌సైటు స్పర్శ్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఆగిపోయిందేమో కూడా అక్కడే చూడండి. ఫోను తిప్పడం వచ్చిన మనవడిని ఆ బల్ల దగ్గర పెడితే పని పరుగెత్తుతుంది.

భోజనం బడాఖానా పద్ధతిలో ఉండాలి. అంటే సాబ్‌లూ జవాన్లూ ఒకేచోట, ఒకే వంట. బగారా అన్నం, మాంసం కూర, పచ్చిపులుసు, మహబూబ్‌నగర్ వైపు వాళ్ల కోసం జొన్నరొట్టె. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు, కాబట్టి పన్నెండున్నర దాటనివ్వకండి. ఇటీవల రిటైరైన కుర్రాళ్లు వడ్డించాలి. మొదటి పంక్తిలో వీర నారులు (అమరుల భార్యలు), డెబ్బై దాటినవారు కూర్చోవాలి. మందు వద్దు. పల్టన్‌లో రమ్ము ఉండేది, నిజమే. కానీ సాయంత్రం అందరూ జాతీయ రహదారి మీద బండ్లు నడుపుకుంటూ పోవాలి.

డబ్బు విషయంలో కఠినంగా ఉండండి. ఎవరి స్తోమత కొద్దీ వాళ్లు ఇస్తారు, రసీదు రాయండి. వితంతువులను అడగకండి. ఏ పార్టీ నాయకుడి దగ్గరా తీసుకోకండి, గుమ్మంలో ఎవరి ఫ్లెక్సీ కట్టనివ్వకండి. ఫ్లెక్సీ మీద ఏనుగు ఉంటే చాలు. జనం లేవకముందే జమాఖర్చు చదివి వినిపించి, మిగిలింది ఆ బల్ల దగ్గర తేలిన ఎవరి అఫిడవిట్ ఖర్చుకో, బస్సు చార్జీకో కేటాయించండి.

రిజిస్టరును మీ ఇంట్లో పెట్టుకోకండి. వచ్చే ఏటి బాధ్యత ఎవరిదో అక్కడే తేల్చి, పేజీల ఫొటోలు ఇద్దరి ఫోన్లలో దాచాక, అసలును వాళ్ల చేతికివ్వండి. ఈసారి నల్లగొండ వైపు వాళ్లు జరిపితే వచ్చేసారి పాలమూరు వైపు వాళ్లకు. దసరా కల్లా వాళ్లు ఇళ్లకు తిరగడం మొదలుపెట్టాలి.