లిథియం వాడేవారు కిడ్నీలను కాపాడుకోవడం ఎలా?

మా అక్క పదహారేళ్లుగా లిథియం మాత్ర వేసుకుంటోంది. ఉద్రేకం, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్ వ్యాధికి ఈ మందు పనిచేస్తుందని 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ గుర్తించాడు. వ్యాధి తిరగబెట్టకుండా చూడడంలో నేటికీ దీనికి సాటి వచ్చే మందులు తక్కువ. అయితే ఈ మందును కాలేయం మార్చలేదు. ఒంట్లోకి వెళ్లిన లిథియం దాదాపు అంతా కిడ్నీల గుండానే బయటికి పోవాలి. కిడ్నీలు నెమ్మదిస్తే రక్తంలో లిథియం పెరుగుతుంది, పెరిగిన లిథియం ఆ కిడ్నీలనే మళ్లీ దెబ్బతీస్తుంది. అనంతపురం జిల్లాలో ఉంటూ ఇన్నేళ్లలో మేము అనుభవంతో నేర్చుకున్నదీ, వైద్యులను అడిగి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను. మీ వైద్యుణ్ణి ఏమేమి అడగాలో తెలియడానికి ఇది పనికివస్తుంది; మందు మార్చడం మాత్రం ఆయన చేతిలోనే ఉండాలి.

లిథియం వాడినవారందరికీ కిడ్నీలు చెడిపోవు. ఏళ్ల తరబడి వాడినవారిలో కొందరికి వడపోత శక్తి మెల్లగా తగ్గుతుంది, డయాలసిస్ దాకా వెళ్లేవారు కొద్దిమందే. కాబట్టి కిడ్నీ మాట చెవిన పడగానే భయపడి మాత్ర మానేయకండి. హఠాత్తుగా మానితే వ్యాధి తిరగబెట్టే ప్రమాదమూ, ఆత్మహత్య ప్రమాదమూ పెరుగుతాయి. విషలక్షణాలు కనబడినప్పుడు వెంటనే ఆపవలసి వస్తుంది గానీ, మిగతా సందర్భాల్లో వైద్యులు కనీసం 4 వారాలు, వీలైతే 3 నెలల పాటు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వస్తారు.

కిడ్నీ సగం పని మానేసేదాకా ఒంట్లో ఏ బాధా తెలియకపోవచ్చు, అందుకే పరీక్షలు తప్పవు. మొదటి ఏడాది 3 నెలలకొకసారి, ఆ తర్వాత 6 నెలలకొకసారి రక్తంలో లిథియం చూపించుకోవాలి. వయసు మళ్లినవారికీ, కిడ్నీ ఇప్పటికే బలహీనపడినవారికీ 3 నెలల లెక్కే కొనసాగుతుంది. మోతాదు మార్చినప్పుడు వారం తర్వాత మళ్లీ చూడాలి. కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్, థైరాయిడ్, కాల్షియం పరీక్షలు 6 నెలలకొకసారి చేయించుకోవాలి. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందా అన్నది కూడా అప్పుడప్పుడు చూపించుకోవడం మంచిది.

లిథియం పరీక్షకు రక్తం ఇచ్చే వేళ ముఖ్యం. చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం తీయాలి. రాత్రి 9 గంటలకు వేసుకుంటే ఉదయం 9 గంటలకు ల్యాబులో ఉండాలి, ఉదయం మాత్ర ఉన్నవారు రక్తం ఇచ్చాకే దాన్ని వేసుకోవాలి. పచ్చ మూత ఉండే లిథియం హెపారిన్ ట్యూబులో రక్తం పడితే ఆ ట్యూబులోని లిథియమే కలిసి లెక్క తప్పుగా పెరుగుతుంది. ల్యాబువారికి ఇది ఏ పరీక్షో ముందే చెప్పండి, చెప్పడానికి మొహమాటపడవద్దు. దీర్ఘకాలం వాడేవారికి సాధారణంగా లీటరుకు 0.6 నుండి 0.8 మిల్లీమోల్ మధ్య ఉంచుతారు. 1.5 దాటితే విషం కిందే లెక్క, 2 దాటితే ప్రాణం మీదికి రావచ్చు.

క్రియాటినిన్ అంకెను ఒంటరిగా చూసి సంతోషించకూడదు, దిగులుపడకూడదు. 1.4 అన్న అంకే పాతికేళ్ల యువకుడికి వస్తే వడపోత శక్తి 70 దగ్గర ఉన్నట్టు, అరవై ఏళ్ల స్త్రీకి వస్తే 43 దగ్గర ఉన్నట్టు. ఈ వడపోత శక్తినే ఈజీఎఫ్‌ఆర్ అంటారు, రిపోర్టులో అది లేకపోతే వేసి ఇమ్మని అడగండి. అది 60 కంటే తక్కువగా 3 నెలలకు మించి ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి అంటారు. ఒక్కసారి వచ్చిన అంకె కంటే రెండు మూడేళ్ల అంకెలు ఏ వైపు నడుస్తున్నాయన్నదే ఎక్కువ చెబుతుంది. మేము ఒక నోటుపుస్తకంలో తేదీ, లిథియం, క్రియాటినిన్, ఈజీఎఫ్‌ఆర్, మోతాదు ఒకే వరుసలో రాసుకుంటూ వస్తున్నాము.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే బాధపెట్టిన సంగతి. తాడిపత్రి వైపు మా ఊళ్లో చెనిక్కాయలు పీకే రోజుల్లో అక్కకు మోకాళ్లు పట్టేశాయి. ఊళ్లోని ఆర్‌ఎంపీ నొప్పి సూది వేసి, ఐదు రోజులకు బిళ్లలు ఇచ్చాడు. నాలుగో రోజుకు ఆమె మజ్జిగ గ్లాసు పట్టుకోలేకపోయింది, అడుగు తడబడింది, మాట ముద్దగా వచ్చింది. పాత జబ్బే తిరగబెట్టిందని ఇంట్లో అందరమూ అనుకొని ఒక రోజంతా పోగొట్టుకున్నాము. అనంతపురం తీసుకొచ్చి రక్తం చూపిస్తే లిథియం 2.1 ఉంది. మాత్ర ఆపి సెలైన్ ఎక్కించాక కొన్ని రోజులకు కోలుకుంది. ఇంకా పెరిగి ఉంటే డయాలసిస్‌తో తీయవలసి వచ్చేదని అక్కడి వైద్యులు అన్నారు. మనసు జబ్బు ఉన్న మనిషి ఒంటికి ఏమి వచ్చినా మనసు మీదికే నెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది. వణుకు, వాంతులు, విరేచనాలు, నడకలో తూలడం, మగత, తికమక కనిపిస్తే ముందు రక్తం చూపించండి. తర్వాత వేయవలసిన లిథియం మాత్ర వేయకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్ వంటి నొప్పి మందులు కిడ్నీకి రక్తం అందడాన్ని తగ్గించి లిథియంను లోపలే నిలుపుతాయి. నొప్పికీ జ్వరానికీ సాధారణంగా పారాసిటమాల్ మేలు, అయితే దుకాణంలో ఇచ్చే బిళ్లలో దానితో పాటు ఎసిక్లోఫెనాక్ కలిసి ఉందేమో అట్ట చదివి చూడండి. రక్తపోటు మందుల్లోనూ ఇదే చిక్కు ఉంది. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్, హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్ కొత్తగా మొదలుపెట్టినా, మోతాదు పెంచినా లిథియం పెరగవచ్చు. బీపీ చూసే వైద్యుడికి లిథియం సంగతి దాచకండి. సిగ్గుపడి దాచినవాళ్లను నేను ఎరుగుదును, ఆ మౌనం ఒంటికే హాని చేస్తుంది.

విపరీతమైన దాహం, రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేవడం లిథియం వాడేవారిలో తరచుగా కనిపిస్తాయి. కిడ్నీ నీటిని పట్టి ఉంచే శక్తి కోల్పోవడం వల్ల ఇలా జరుగుతుంది. షుగర్ కూడా చూపించుకొని, రోజుకు 3 లీటర్లకు మించి మూత్రం పోతోందేమో ఒక రోజు కొలిచి వైద్యుడికి చెప్పండి. మోతాదు తగ్గించడం, మాత్రలన్నీ రాత్రి ఒకేసారి వేయడం, అవసరమైతే అమిలోరైడ్ అనే మందు ఇవ్వడం వంటి దారులు ఉన్నాయి. మూత్రం ఎక్కువని నీళ్లు తగ్గించకండి. ఆపరేషన్ కోసం నోటికి ఏమీ ఇవ్వకుండా ఉంచవలసి వస్తే, ఈ సంగతి మత్తు వైద్యుడికి తప్పక చెప్పండి.

మన ఎండలు మరో పరీక్ష. కర్నూలులో మార్చి నుండే నెత్తి మాడుతుంది. చెమటతో నీరూ ఉప్పూ పోతే కిడ్నీ లిథియంను వదలదు. పొలం పనికి పోయేవారు నీటి సీసా, ఉప్పు వేసిన మజ్జిగ దగ్గర ఉంచుకోవాలి. రంజాన్ ఉపవాసాలు పాటించాలనుకునేవారు, ఉగాదికి నల్లమల గుండా శ్రీశైలం నడిచి వెళ్లాలనుకునేవారు ముందే వైద్యుణ్ణి కలిసి లిథియం చూపించుకోవాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు మాత్ర వేయాలా ఆపాలా అన్నది ఆరోగ్యంగా ఉన్నప్పుడే అడిగి చీటీ మీద రాయించుకోండి. అర్ధరాత్రి వేళ ఆ ఒక్క వాక్యం ఎంతో ఆదుకుంటుంది.

ఉప్పు విషయంలో నిలకడ అవసరం. ఒక్కసారిగా చప్పిడి తిండి మొదలుపెడితే లిథియం పెరుగుతుంది. తగ్గించాలంటే వైద్యుడికి చెప్పి నెమ్మదిగా తగ్గించాలి. తక్కువ సోడియం ఉప్పు అని అమ్మే ప్యాకెట్లలో పొటాషియం ఉంటుంది, కిడ్నీ బలహీనపడినవారికి అది ప్రమాదం. కిడ్నీ బాగా దెబ్బతిని కాళ్లు వాచినవారికి నీళ్ల లెక్కే వేరు, వారు కిడ్నీ వైద్యుడు (నెఫ్రాలజిస్టు) చెప్పిన కొలతే తాగాలి. కిడ్నీకి మంచిదని ఎవరో ఇచ్చే భస్మాలు, నాటు మందులు ముట్టుకోకండి. వాటిలో సీసం, పాదరసం ఉండి కిడ్నీని మరింత చెడగొట్టవచ్చు.

ఈజీఎఫ్‌ఆర్ పడిపోతూ ఉంటే సైకియాట్రిస్టు, నెఫ్రాలజిస్టు ఇద్దరూ కలిసి నిర్ణయించాలి. మోతాదు తగ్గించి కొనసాగించడం ఒక దారి, వాల్ప్రోయేట్, లామోట్రిజిన్, క్వెటియాపిన్ వంటి వాటికి మారడం మరో దారి. పిల్లలను కనే వయసు స్త్రీలకు వాల్ప్రోయేట్ గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది గనుక అది వేరుగా మాట్లాడవలసిన విషయం. కిడ్నీ శక్తి తగ్గినప్పుడు పాలిపెరిడోన్, అమిసల్‌ప్రైడ్, ప్రీగాబాలిన్ వంటి మందుల మోతాదులు కూడా తగ్గించాలి. ఓలాంజపిన్ అనే మరో మానసిక మందు వాడేవారికి బరువు, షుగర్ పెరిగి ఆ దారిన కిడ్నీ దెబ్బతినే అవకాశం ఉంది.

కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. డయాలసిస్ అవసరమైతే రాష్ట్ర ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ పథకం కింద జరుగుతుంది. మనసు బాగా కలతపడిన వేళ ప్రభుత్వ మానసిక సహాయ ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు. ఏ ఓపీకి వెళ్లినా మేము ఆ నోటుపుస్తకం, వేసుకుంటున్న మాత్రల అట్టలు ఒక సంచిలో పట్టుకెళ్తాము. ఒక వైద్యుడు రాసినది రెండో వైద్యుడు చదివి, కింద తన సంతకం పెట్టేదాకా అక్క కుర్చీలోంచి లేవదు.