విదేశంలో హోటల్ సేల్స్ ఉద్యోగం: కొత్తగా వచ్చినవారికి కొన్ని సూచనలు

సేల్స్ మేనేజర్‌గా పనిచేసి వచ్చినవాళ్లకు కూడా కొత్త దేశంలో మొదటి ఆఫర్ చాలాసార్లు ఒక మెట్టు కిందే ఉంటుంది. సేల్స్ కోఆర్డినేటర్ అనో, రిజర్వేషన్స్ ఏజెంట్ అనో ఇస్తారు. హోదా తగ్గిందన్న బాధతో నెలల తరబడి ఖాళీగా ఉండిపోకండి. నన్నడిగితే, పని నేర్చుకోవడానికి కోఆర్డినేటర్ కుర్చీని మించింది లేదు. ప్రతి ఎంక్వైరీ, ప్రతి కాంట్రాక్టు, ప్రతి క్యాన్సిలేషన్ ఆ టేబుల్ మీదుగానే వెళ్తాయి. ఏ కంపెనీ ఏ రేటు దగ్గర బేరం మొదలుపెట్టి ఎక్కడ ఒప్పుకుందో, ఏ కంపెనీ ఎందుకు రావడం మానేసిందో అక్కడ కూర్చున్నవాళ్లకే ముందు తెలుస్తుంది. సీజర్ రిట్జ్ స్విట్జర్లాండ్‌లోని ఒక పల్లె నుంచి పారిస్ వెళ్లి వెయిటర్‌గా పనిచేసినవాడే. 1898లో అదే పారిస్‌లో తన పేరుతో హోటల్ తెరిచాడు. ఏ అతిథికి ఏది ఇష్టమో గుర్తుపెట్టుకునే అలవాటు ఆయనకు ఆ కింది మెట్ల మీదే అబ్బింది.

చేరే ముందు చూడాల్సినవి

ఆఫర్ లెటర్లో జీతం అంకె దగ్గరే ఆగిపోకండి. వర్క్ పర్మిట్ ఆ ఒక్క యజమానికే పరిమితమా, ఉద్యోగం మారితే ఏం చేయాలి, ప్రొబేషన్ ఎన్ని నెలలు, నోటీసు ఎన్ని రోజులు అనేవి ఆ దేశపు కార్మిక శాఖ వెబ్‌సైట్‌లో స్వయంగా చదవండి. ఏజెంటు చెప్పాడనో, రూమ్మేట్ చెప్పాడనో నమ్మి సంతకం పెట్టకండి.

సేల్స్‌లో ఇంకో మెలిక ఇన్సెంటివ్. బుకింగ్ మీద సంతకం కాగానే ఇస్తారా, అతిథులు వచ్చి, ఉండి, బిల్లు కట్టాక ఇస్తారా? ఈ రెండింటికీ ఒక్కోసారి ఏడాది తేడా వస్తుంది. వచ్చే ఏడాది జరగబోయే కాన్ఫరెన్స్‌ను మీరు ఇవాళ అమ్మి, మధ్యలో ఉద్యోగం మారితే ఆ డబ్బు ఎవరిదో కూడా అడగండి. సమాధానం కాగితం మీద ఉండాలి. ఇలా అడిగితే ఏమనుకుంటారో అనే మొహమాటం వద్దు, డబ్బు లెక్క సూటిగా అడిగేవాళ్లను సేల్స్ డైరెక్టర్లు తక్కువగా చూడరు.

మూడు అంకెలు, ఒక లెక్క

మాట తీరు బాగుంటే సేల్స్ వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. యాసను చూసి మిమ్మల్ని మొదట పట్టించుకోనివాళ్లు కూడా లెక్క సరిగ్గా చెప్పేసరికి తలెత్తి వింటారు. అందుకే నా మొదటి సలహా ఇంగ్లిష్ క్లాసులు కాదు, గదుల రేట్లు నిర్ణయించే రెవెన్యూ మేనేజర్ పక్కన కూర్చోవడం.

నిండిన గదుల శాతం ఆక్యుపెన్సీ. అమ్ముడైన గదుల సగటు రేటు ఏడీఆర్. మొత్తం గదుల ఆదాయాన్ని అందుబాటులో ఉన్న గదులన్నిటి మీదా పంచితే వచ్చేది రెవ్‌పార్. 100 గదుల హోటల్లో 80 నిండి, సగటు రేటు 150 డాలర్లయితే రెవ్‌పార్ 120. పొద్దున మీటింగ్‌లో అందరూ మాట్లాడేది ఈ భాషే.

దీనికంటే ముఖ్యమైనది డిస్‌ప్లేస్‌మెంట్ లెక్క, అంటే గ్రూపును తీసుకుంటే మామూలు వ్యాపారం ఎంత పోతుందో చూసే లెక్క. అదే 100 గదుల హోటల్‌ను ఒక గ్రూపు 40 గదులు అడిగింది, ఒక్కోదానికి 110 డాలర్లు ఇస్తానంది. మామూలుగా ఆ రాత్రి 75 గదులు 150 చొప్పున నిండుతాయనుకోండి. గ్రూపును తీసుకుంటే మిగతావాళ్లకు 60 గదులే ఉంటాయి కాబట్టి 15 గదుల వ్యాపారం పోతుంది. వచ్చేది 4,400, పోయేది 2,250. ఒప్పుకోవచ్చు. అదే ఎలాగూ 95 గదులు నిండే రాత్రయితే 35 గదులు పోతాయి, అంటే 5,250. పెద్ద గ్రూపు తెచ్చానని మీరు సంబరపడుతుంటే హోటల్ 850 నష్టపోతుంది. అయితే లెక్క అక్కడితో ఆగదు. ఆ గ్రూపు మీటింగ్ హాలు తీసుకుని, రెండు పూటలా భోజనం మీ దగ్గరే చేస్తే ఫలితం తిరగబడొచ్చు. ఈ మొత్తం లెక్క వేసుకుని మేనేజర్ దగ్గరికి వెళ్లండి. "ఈ తేదీ వద్దు, రెండు రోజులు అటు జరిపితే ఈ రేటు ఇద్దాం" అని చెప్పగలిగిన కోఆర్డినేటర్‌ను ఎక్కువ కాలం కోఆర్డినేటర్‌గా ఉంచరు.

హోటల్ తీసుకుంటుంటే ఎస్‌టీఆర్ రిపోర్టు చదవడం కూడా నేర్చుకోండి. పోటీ హోటళ్ల గుంపుతో మీ హోటల్‌ను పోల్చి చూపిస్తుంది. ఇండెక్స్ 100 ఉంటే మీ వంతు వ్యాపారం మీకు దక్కినట్టు, దిగితే పక్కవాళ్లు తీసుకుపోతున్నట్టు.

కంపెనీలతో వచ్చే ఏడాది రేట్ల ఒప్పందాలు ఎక్కువగా ఏడాది రెండో సగంలో నడుస్తాయి. ఆ పని మొదలయ్యేలోపు పాత ఒప్పందాలు తిరగేయండి. 'లాస్ట్ రూమ్ అవైలబిలిటీ' అనే షరతు ఉందంటే, ఆ తరగతి గది ఒక్కటి మిగిలినా దాన్ని ఆ కంపెనీకి ఒప్పుకున్న రేటుకే ఇవ్వాలి. రద్దీ రోజుల్లో దీని బరువు తెలుస్తుంది. గ్రూపు కాంట్రాక్టుల్లో కటాఫ్ తేదీ (గ్రూపు కోసం పట్టి ఉంచిన గదులను వదిలేసే గడువు), అట్రిషన్ (గదులు తగ్గడం) షరతులు కూడా రెండుసార్లు చదవాలి. గదులు తగ్గించుకుంటే ఎంత వరకు ఊరుకుంటాం, ఎప్పటి నుంచి డబ్బు అడుగుతాం అన్నది అక్కడే ఉంటుంది.

మాట, మెయిల్

తేదీలు అంకెల్లో రాయకండి. 04/05 అంటే ఒక దేశంలో ఏప్రిల్ 5, ఇంకో దేశంలో మే 4. నెల పేరు అక్షరాల్లో ఉండాలి. ఫోన్ పెట్టేసే ముందు గదుల సంఖ్య, రాత్రులు, రేటు, పేరు స్పెల్లింగ్ మళ్లీ చదివి వినిపించండి. అర్థం కాకపోతే ఇంకోసారి చెప్పమని అడగండి. తలూపి తప్పు బుకింగ్ చేయడం కంటే అది వంద రెట్లు నయం.

కొత్తవాళ్లకు కష్టంగా అనిపించేది కుదరదని చెప్పడం. ఎదుటివాళ్లు నొచ్చుకుంటారని "చూస్తాను, ప్రయత్నిస్తాను" అంటాం. ఈవెంట్ ప్లానర్ దాన్ని ఔననే రాసుకుంటారు, చివరి వారంలో గొడవ మొదలవుతుంది. కుదరని సంగతి ఆ రోజే చెప్పి, కుదిరేది ఏమిటో వెంటనే చూపించండి. జవాబు తెలియకపోతే సాయంత్రంలోగా చెప్తానని చెప్పి, జవాబు దొరకకపోయినా సాయంత్రం ఫోన్ చేయండి.

మీరు అమ్మినదాన్ని చేసి పెట్టేది ఇంకొకరు

బాంక్వెట్, కిచెన్, హౌస్‌కీపింగ్ వాళ్లతో సంబంధం పాడైన సేల్స్ మనిషి ఎక్కడా నిలబడలేడు. బీఈఓ అనే ఈవెంట్ షీట్‌లో రాయనిది ఏదీ జరగదు. క్లయింట్‌కు నోటితో ఒప్పుకుని షీట్‌లో రాయడం మరిచిపోతే రాత్రి పదింటికి కుర్చీలు మోసేది మీరు కాదు, వాళ్లు. పెద్ద కార్యక్రమం రోజు వెళ్లి నిలబడండి. అయ్యాక క్లయింట్ మెచ్చుకుంటూ మెయిల్ రాస్తే దాన్ని పేర్లతో సహా వాళ్ల మేనేజర్‌కు పంపండి. ఈ చిన్న పని చేసేవాళ్లు చాలా తక్కువ.

పై మెట్టుకు

లీడర్‌షిప్ అనేది ప్రమోషన్ కాగితంతో పాటు వచ్చేది కాదు. హోటల్లో దాన్ని ముందే సాధన చేసే చోట్లు ఉన్నాయి. మేనేజర్ ఆన్ డ్యూటీ షిఫ్ట్ ఇస్తామంటే వారాంతమైనా ఒప్పుకోండి. ఆ రాత్రి నీళ్లు లీకైనా, అతిథి అరిచినా నిర్ణయం మీదే. మీ తర్వాత చేరినవాళ్లకు సిస్టమ్ నేర్పండి. హెచ్‌ఎస్‌ఎంఏఐ అనే సేల్స్ వాళ్ల సంస్థ 1927 నుంచి ఉంది, దాని శిక్షణలు చూడండి. బెర్లిన్‌లోని ఐటీబీ, లండన్‌లోని డబ్ల్యూటీఎం లాంటి పర్యాటక ప్రదర్శనలకు పంపుతామంటే ముందుగా అపాయింట్‌మెంట్లు పెట్టుకుని వెళ్లండి. కార్డులు పోగేసి తిరిగొస్తే దండగ.

టీమ్ మీ చేతికి వచ్చాక మొదట పరీక్షకు వచ్చేది అకౌంట్ల, అంటే క్లయింట్ కంపెనీల, పంపకం. మంచి కంపెనీలన్నీ పాతవాళ్ల దగ్గరే ఉంచి, కొత్తవాళ్లకు చచ్చిన లిస్టు ఇచ్చి టార్గెట్ అడగడం అన్యాయం. ప్రతి ఒక్కరికీ ఇప్పటికే వ్యాపారం ఇస్తున్నవి కొన్ని, తిరిగి తెచ్చుకోవాల్సినవి కొన్ని ఉండాలి. వారపు సమీక్షలో "ఈ డీల్ ఎందుకు ఖాయం చేయలేదు?" అనే ప్రశ్న కంటే "ఇది ఎక్కడ ఆగింది, నేనెవరితో మాట్లాడాలి?" అనే ప్రశ్న ఎక్కువ పని చేయిస్తుంది. పోయిన డీల్ గురించి భయం లేకుండా చెప్పే వాతావరణం మీ టీమ్‌లో ఉంటే, నిజమైన ఫోర్‌కాస్ట్ (రాబోయే వ్యాపారం అంచనా) మీ చేతికి వస్తుంది.

ప్రమోషన్ అడిగే రోజు మూడు కాగితాలు దగ్గర పెట్టుకోండి: మీరు తెచ్చిన రూమ్ నైట్స్ (ఒక గది ఒక రాత్రికి అమ్ముడైతే ఒకటి), వాటి సగటు రేటు, తిరిగి తెచ్చిన అకౌంట్ల జాబితా. క్లయింట్ల వివరాలు హోటల్‌వి కాబట్టి ఆ జాబితాను సొంత మెయిల్‌కు పంపుకోకండి. కాదంటే, ఏం చేస్తే ఔనంటారో, ఎప్పటిలోగానో మెయిల్‌లో రాయించుకోండి. ఆ గడువు దాటినా కదలిక లేకపోతే వేరే చోటు వెతకండి. కొత్త ఆఫర్, కొత్త పర్మిట్ ఖాయమయ్యాకే రాజీనామా ఇవ్వండి.