కుక్కపిల్లను తెచ్చుకుంటున్నారా? పదహారు వారాల టీకా సూది పడి రెండు వారాలయ్యేదాకా వీధిలో దింపొద్దు

పోయిన వారం హనుమకొండలో మా పక్క వీధి వాళ్ల కుక్కపిల్ల చనిపోయింది. షెల్టర్ నుంచి తెచ్చి పట్టుమని పది రోజులు కాలేదు. యాభై రోజుల పిల్ల. టీకా కార్డులో ఒక స్టిక్కర్ ఉంది. ఆదివారం ఆ ఇంటి పిల్లలు ముచ్చటపడి వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి తీసుకుపోయి తిప్పారు. గురువారం అన్నం ముట్టలేదు. "ఎండ తగిలిందేమో అక్కా, పెరుగన్నం పెట్టినం" అని వాళ్లమ్మ ఫోన్ చేసింది. వెంటనే దవాఖానకు తీసుకుపోమన్నాను. రేపు చూద్దామనుకున్నారట. శుక్రవారం రాత్రి నేను వెళ్లేసరికి గోనెసంచి మీద పడి ఉంది. తోక కింద నెత్తురు విరేచనం, గది నిండా ఆ వాసన. ఒకసారి పీల్చినవాళ్లకు మళ్లీ ఎవరూ చెప్పక్కర్లేదు. పార్వో, కుక్కపిల్లల పేగులను దెబ్బతీసే వైరస్ జబ్బు. తెల్లారేసరికి పోయింది.

"ఒక ఇంజక్షన్ అయింది గదా అక్కా" అని ఆమె అంటూనే ఉంది.

చిత్తకార్తెలో ఎదకొచ్చిన కుక్కలు డిసెంబరులో ఈనుతాయి. ఆ పిల్లలే సంక్రాంతి దాటాక షెల్టర్లలో కనిపిస్తాయి. వాటిని తెచ్చుకోవడం మంచి పని, తప్పకుండా తెచ్చుకోండి. గిన్నెలో నీళ్లు పెట్టండి, ప్రేమగా చూడండి అని మీకు నేను చెప్పక్కర్లేదు. నేను చూసిన ఇళ్లలో కుక్కపిల్లలను చంపింది ఒకే మాట: "ఒక సూది పడింది, ఇంక ఏం కాదు."

ఆ మాట ఎందుకు తప్పంటే, తల్లిపాలతో వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నన్ని రోజులు టీకాను పని చేయనివ్వదు. అది ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతుందో పైకి కనిపించదు. ఒకదానికి ఏడో వారంలో తగ్గితే ఇంకోదానికి పద్నాలుగో వారం దాకా ఉండొచ్చు. అందుకే 6 నుంచి 8 వారాల వయసు మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేస్తూ పోతారు. ఎన్ని సూదులు పడ్డాయని లెక్కపెట్టకండి. 16 వారాలు నిండాక ఒకటి పడిందా లేదా, అది చూడండి. అది పడి రెండు వారాలయ్యాకే పిల్ల కాలు వీధిలో పెట్టాలి.

షెల్టర్‌లో అడగాల్సింది

కార్డు. టీకా సీసా మీది స్టిక్కర్, తేదీ, డాక్టర్ సంతకం ఉండాలి. "వేసినం" అనే మాట లెక్కలోకి రాదు. నట్టల మందు ఎప్పుడు పట్టించారో రాయించుకోండి. 8 వారాలు నిండని పిల్లను తల్లి దగ్గరే ఉండనివ్వండి.

ఇంటికి తెచ్చాక

పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతుకుతుంది. మీ చెప్పులకు అంటుకుని ఇంట్లోకి వస్తుంది. చెప్పులు గేటు దగ్గరే విడవండి. బయట కుక్కను నిమిరి వచ్చి చేతులు కడగకుండా పిల్లను ముట్టుకోవద్దు. ఫినాయిల్‌తో తుడిచాం కదా అనుకోవద్దు, ఈ వైరస్ దానికి చావదు. మురికి కడిగాక, 5 శాతం హైపోక్లోరైట్ (బ్లీచ్) ద్రవం ఒక వంతుకు 30 వంతుల నీళ్లు కలిపి, నేల పది నిమిషాలు తడిగా ఉండేలా పోయాలి. అలాగని పిల్లను గదిలో బంధించొద్దు. ఆటో హారన్, జనం అలవాటు కావాలి. చంకనెత్తుకుని చూపించండి, నేల మీద మాత్రం దింపొద్దు.

దవాఖానలో అసలే దింపొద్దు. జబ్బు కుక్కలన్నీ వచ్చేది అక్కడికే. ఒళ్లో పెట్టుకునే కూర్చోండి.

ఆవుపాలు పోయొద్దు. చాలా పిల్లలకు విరేచనాలవుతాయి, అది పాల వల్లనా పార్వోనా అని తేల్చుకునేలోపు ఒక రోజు పోతుంది.

పారాసిటమాల్ ఇవ్వొద్దు.

ఉల్లిగడ్డ, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ పెట్టొద్దు.

పిడుదులకు కిరోసిన్ రాయొద్దు.

మూడు నెలలకు రేబిస్ టీకా. తర్వాత ఏటా. ఏటా జులై 6న జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల దినం) నాడు పశువుల దవాఖానల్లో ఉచితంగా వేస్తారు, మర్చిపోవద్దు.

ఆటలో కుక్కపిల్ల పన్ను మీకు దిగినా సరే, పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. "మన కుక్కే కదా" అనొద్దు.

పిల్ల తిండి మానేసి వాంతి చేసుకుంటే అప్పుడే బయలుదేరండి. రేపు పొద్దున చూద్దాం అనొద్దు. వెంటనే సెలైన్ ఎక్కిస్తే చాలా పిల్లలు బతుకుతాయి. రాత్రిపూట వచ్చే డాక్టర్ ఎవరో ముందే కనుక్కుని నంబర్ గోడ మీద రాసిపెట్టుకోండి.

పెళ్లికెళ్తూ పక్కింటివాళ్లకు అప్పజెప్పినా అదే మాట చెప్పి వెళ్లండి: దింపొద్దు.

ఆమె నిన్న మళ్లీ ఫోన్ చేసింది. పిల్లలు అన్నం తినడం లేదట, ఇంకో కుక్కపిల్లను తెద్దామంటున్నారట. అదే ఇంటికి, అదే వాకిట్లోకి ఏడాదిలోపు చిన్న పిల్లను తేవద్దమ్మా, టీకాలన్నీ అయిన పెద్ద కుక్కను తెచ్చుకోండి అన్నాను. గోనెసంచి ఇంకా మెట్ల కిందే ఉందట. ముందు దాన్ని కాల్చేయమన్నాను.